ఆఖరి పొయ్యి ఉలవచారు

వంటకి తీర్పు చెప్పేవాడి కడుపు సంగతి మీలో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

ఆ నగరంలో ఏటా వంటల పండుగ జరిగేది. పూటకూళ్ళ ఇళ్ళవాళ్ళంతా వరసగా పొయ్యిలు పెట్టేవారు. రాజుగారి రుచుల అధికారి భుజంగరాయుడు కోటగుమ్మం దగ్గర మొదలుపెట్టి తినుకుంటూ వచ్చేవాడు. ఆయన బాగాలేదన్న ఇల్లు మూతపడాల్సిందే.

ఆ ఏడు పేదపేట అచ్చాయమ్మకి చివరి పొయ్యి వచ్చింది. ముప్పై రకాలు మెక్కి వచ్చిన రాయుడు ఆమె ఉలవచారు నాలిక్కి తగిలించుకుని మొహం చిట్లించాడు.

"ఛీ, రుచీ పచీ లేదు! ఆర్పెయ్ పొయ్యి!"

ఆ పొయ్యి మీదే అచ్చాయమ్మ బతుకు. అయినా తడబడకుండా, వెనకే వస్తున్న రాజుగారికి దణ్ణం పెట్టింది.

"మహాప్రభూ, అయ్యగారు పొద్దున అమృతమని మెచ్చుకున్న మొదటి పొయ్యి బూరె, ఇంకొక్కటి తినమనండి. ఇష్టంగా తింటే నా పొయ్యి నేనే ఆర్పుకుంటా."

బూరె తెచ్చారు. చూడగానే రాయుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "వద్దు బాబోయ్, కడుపులో తిప్పుతోంది!"

"చూశారా ప్రభూ! అమృతానికే వికారం పుడుతుంటే, నా చారు చేసిన పాపం ఏమిటి?"

రాజుగారు పగలబడి నవ్వి, మర్నాడు పరగడుపునే రాయుణ్ణి ఆమె పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు. రాయుడు మూడుసార్లు చారు పోయించుకున్నాడు.

అయ్యా, అమ్మా, ఈసారి వంటల పండక్కి వెళ్తే, ఆకలి చచ్చిపోకముందే ఆ చివరి పొయ్యి దగ్గరికి వెళ్ళండి.