ఊపిరి వినిపించేంత దగ్గర

అనగనగా ఒక రాజుగారు. చెప్తాను గానీ పిల్లలూ, మధ్యలో వెనక్కి తిరిగి చూడకండి మరి. ఆయనకి ముగ్గురు కొడుకులు: జయకేతు, వీరకేతు, నందకేతు. ఆ రాజ్యంలో కరాళుడనే మాయావి మనుషుల్ని మాయం చేస్తున్నాడు. వాడి ప్రాణమేమో ఏడు లోయల అవతల ఒక అడవిదున్న గుండెలో ఉంది.

దాన్ని కొట్టడానికి పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. గాయపడ్డ మృగాన్ని సగం ప్రాణంతో వదిలేసి వేటగాడు ఇల్లు చేరకూడదని ఆ వంశంలో కట్టుబాటు.

"నువ్వూ పోతే నాకెవర్రా?" అని రాజుగారు ఏడ్చారు.

"అన్నల్ని తీసుకునే వస్తాను నాన్నగారూ," అన్నాడు నందకేతు.

ఏడో లోయ అంచున ఒక ఆడనెమలి పలకరించింది. "నేను చిత్రాంగిని, రాజకుమార్తెని. కరాళుడు నన్నిలా మార్చేశాడు. అదుగో, చూడండి."

లోయకి అవతల దున్న అడ్డంగా, తోకైనా ఆడించకుండా నిలబడి ఉంది. నందకేతు విల్లెత్తాడు.

"మీ అన్నలూ ఇక్కణ్ణుంచే వేశారు," అంది నెమలి. "పొట్టకి తగిలింది. నెత్తుటి చుక్కలు పట్టుకుని ఇంకా నడుస్తూనే ఉన్నారు. ఆ చుక్కలకి చివర లేదు."

కింద పొగమంచులోంచి అన్నల గొంతులు వినిపించాయి. "ఇంకాస్త దూరమే... ఇంకాస్త దూరమే..."

నందకేతు గాలి వాటం చూశాడు. ఇవతల గడ్డి ఒకవైపు వాలుతోంది, అవతల గడ్డి ఇంకోవైపు. బాణం చేరేలోపు దున్న అడుగు కదిపితే గుండె తప్పిపోతుంది. విల్లు దించాడు.

దున్న లోయలోకి దిగి మళ్ళీ నిలబడింది. "తమ్ముడూ, వెయ్యరా! నువ్వు వేస్తేనే మేం ఇంటికొస్తాం!" అని జయకేతు గొంతు బతిమాలింది. ఆ పిలుపు దున్న నోట్లోంచి వచ్చింది. నందకేతు వెయ్యలేదు.

ఆ దున్నలో దాగున్నది కరాళుడే. తనని చూసి బాణం వెయ్యని వాణ్ణి వాడు ఎన్నడూ చూడలేదు. ఉక్రోషం పట్టలేకపోయాడు. దున్న గట్టెక్కి ఎదురుగా వచ్చింది. దాని కళ్ళు మనిషి కళ్ళు.

"భయమా?" అంది.

"అవును. గురి తప్పుతుందని భయం. నీ ఊపిరి వినబడాలి నాకు."

"విను!" అని మీదికి ముందుకాళ్ళెత్తింది. చల్లటి ఊపిరి మొహానికి తగిలింది. అప్పుడు వదిలాడు బాణం. గుండెలో దిగింది. దున్న కూలిన చోట కరాళుడి బూడిద మిగిలింది. నెమలి చిత్రాంగి అయింది. మాయమైన వాళ్ళంతా పొగమంచులోంచి నడిచొచ్చారు, అరికాళ్ళు అరిగిపోయి అన్నలూ వచ్చారు.

అన్నలు సింహాసనం వద్దన్నారు. నందకేతు చిత్రాంగిని పెళ్ళాడి, తల నెరిసేదాకా చల్లగా రాజ్యమేలాడు. పెళ్ళినాడు మాత్రం ఒకటి జరిగింది. పెళ్ళికూతురి తడి పారాణి అడుగులు నేలమీద ఎర్రగా పడ్డాయి. జయకేతు విస్తరి ముందునుంచి లేచి, తల వంచుకుని, వాటి వెంట నడవసాగాడు. నందకేతు పరుగెత్తి అన్న చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చేశాం అన్నయ్యా. ఇది మనిల్లే," అన్నాడు.