చేపతల్లికి తెలిసిన చోటు

అనగా అనగా, ఏరు ఇంకా పాత దారిన పారే రోజుల్లో, మంగమాంబ అనే రాణి ఉండేది. ఆమెకు వరాలని ఒక్కతే కూతురు.

ఒక వానాకాలం వరాలుకు జ్వరం వచ్చింది. ఇరవై రోజులకు దిగింది. పిల్ల లేచి తిరిగింది. తల్లి గుండెలో దడ మాత్రం దిగలేదు. ఆనాటినుంచి పిల్లను లోపలి గది దాటనివ్వలేదు. గాలి తగులుతుందని కిటికీ కూడా మూయించింది.

"అమ్మా, తోటలోకి ఎప్పుడు వెళ్ళను?" అని వరాలు రోజూ అడిగేది.

ఒకనాడు ఓడ వర్తకుడొకడు రాణికి పెద్ద గాజు తొట్టి కానుకగా తెచ్చాడు.

"ఇందులో చేపలు పెంచుదాం. వాటి పిల్లలు తొట్టంతా ఈదిన రోజున నువ్వు తోటలోకి వెళ్దువుగాని" అంది రాణి.

రేవులో చేపలమ్మే నూకాలుకు కబురు వెళ్ళింది. నూకాలు వచ్చి, ఇసుక ఏడుసార్లు కడిగి తొట్టి అడుగున పరిచింది. నాచు నాటింది. ఒక కుండ పెంకు వాల్చింది. ఏటి నీళ్ళు నింపి, చెంగు దులుపుకొని బయల్దేరింది.

"చేపలేవే?"

"ఇరవై రోజులాగండి, రాణీగారూ. కొత్త నీళ్ళలో వేస్తే చచ్చి తేలిపోతాయి."

"నీళ్ళకు కూడా వయసు రావాలా?"

"రావాలండి."

ఇరవై ఒకటో రోజున అరచేయంత చేపలు రెండు తెచ్చింది. ఒంటినిండా పసుపు చుక్కలు.

"ఆలుమగలండి. ఈ పెంకుకే గుడ్లు అంటిస్తాయి. ఒక్కటే మాట. తొట్టిని మనుషులు తిరగని మూల పెట్టండి. గాజు తట్టకండి."

రాణి తలూపింది. నూకాలు వెళ్ళగానే తొట్టిని తన ఉయ్యాలబల్ల పక్కన పెట్టించింది. కళ్ళెదుట ఉంటే తనే చూసుకోవచ్చని ఆమె ఆలోచన.

మొదటిసారి గుడ్లు పెట్టాయి. ఆవగింజలంత గుడ్లు. రాణి ఘడియకోసారి వచ్చి వంగి చూసింది. ఉంగరపు వేలితో గాజు తట్టి, "ఉన్నాయా తల్లీ?" అంది. సాయంత్రానికి పెంకు ఖాళీ.

"ఇది వంటింటి పిల్లి పనే!" అంది రాణి. పిల్లిని ఏటవతల విడిచివచ్చారు.

రెండోసారి పెట్టాయి. రాణి తొట్టికి చెరోపక్క ఒక భటుణ్ణి నిలబెట్టింది. బల్లేలు గణగణమన్నాయి. రాణి రావడం, తట్టడం ఇంకా ఎక్కువైంది. మధ్యాహ్నానికే పెంకు ఖాళీ.

"ఈసారి పిల్లి ఈదుకుంటూ వచ్చిందేమో!" అని వంటావిడ గొణిగింది.

ఆ రోజు వరాలు తోట మాట అడగలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం ముట్టలేదు.

రాణి నూకాలును పిలిపించింది.

"ఎలాంటి చేపల్ని ఇచ్చావే నాకు? తల్లే గుడ్లు మింగుతోందట. భటులు కళ్ళారా చూశారు."

"చూసే ఉంటారండి. ఎందుకు మింగిందో అడిగారా?"

"చేపనెవరైనా అడుగుతారా?"

"అడిగి చూడండి. మీరూ తల్లే కదా."

రాణి తొట్టి మీదికి వంగింది. "ఏమ్మా, కన్నబిడ్డల్ని మింగడానికి నీకు నోరెలా వచ్చింది?"

చేప మెల్లగా పైకి వచ్చింది.

"అమ్మా, నాకు చేతుల్లేవు. పైనుంచి నీడ పడుతుంది. గోడ దడదడలాడుతుంది. ఏదో పెద్ద జంతువు వచ్చిందనుకుంటాను. బిడ్డల్ని ఎక్కడ దాచను? నాకు తెలిసిన చోటు నా కడుపొక్కటే."

రాణి తన వేలి ఉంగరం వైపు చూసింది. తర్వాత, మూసి ఉన్న లోపలి గది తలుపు వైపు చూసింది.

భటుల్ని పంపేసింది. తొట్టిని పెరటి వసారాలో ఒక మూలకు చేర్పించింది. నూకాలు మూడు పక్కలా గుడ్డ కట్టింది.

మూడోసారి గుడ్లు పెట్టాయి. రాణి పది బారల దూరంలో కూర్చుంది. నిలబడితే నీడ పడుతుందని లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అవి ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి.

"నూకాలూ, ఒక్కసారి చూసొస్తానే."

"కూర్చోండమ్మా. తల్లి చూసుకుంటోంది."

ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. అలా వారం గడిచింది.

ఎనిమిదో రోజున నూకాలు గుడ్డ తొలగించింది. సూదిమొనలంత పిల్లలు వందలకు వందలు, తల్లి వెనకాల పొగమంచులా కదులుతున్నాయి. తొట్టంతా ఈదుతున్నాయి.

రాణి వెళ్ళి లోపలి గది తలుపు తీసి, తిరిగివచ్చి తన చోటే కూర్చుంది.

వరాలు తొట్టి దగ్గర ఆగి, గాజు ముట్టకుండా చూసింది. తర్వాత తోటలోకి పరుగు తీసింది.

"చెప్పులు..." అంటూ రాణి సగం లేచింది. మళ్ళీ కూర్చుంది.

పిల్లలు బతికి బట్టకట్టాలంటే, పెద్దవాళ్ళు తమ భయాన్ని కాస్త దూరంగా కూర్చోబెట్టాలి.