అనుపానం

పేరిందేవమ్మ దగ్గర వైద్యం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసిపోయేది. ఆమెను ప్రశ్న అడిగితే ఏదో ఒక పని నెత్తిన పడుతుంది. అడిగిన రోజే జవాబు చెప్పిన పాపాన ఆమె ఎన్నడూ పోలేదు. ఫలానా చోటికి పోయి రమ్మనేది, ఫలానావాళ్లతో కూర్చుని రమ్మనేది. పోయినవాడు వచ్చి చూసింది చెబితే అప్పుడు ఒక ముక్క అనేది, అదీ మనసుంటేనే. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని లోకంలో సామెత ఉంది గానీ, కళ్యాణదుర్గంలో ఆమె ఇంటి అరుగు మీద అది చెల్లలేదు.

ఓబులేశు ఆమె శిష్యుడు. ఆయుర్వేద కళాశాలలో చదివి పట్టా తెచ్చుకున్నవాడు, ముప్ఫై ఏళ్లవాడు, పెళ్లయినవాడు. మహా పట్టుదల మనిషి. ఒక రోగం లొంగలేదంటే అతనికి అన్నం సహించేది కాదు. ఉగాది వెళ్లిన వారానికి అతను రెండు రక్తపరీక్ష కాగితాలు తెచ్చి గురువు ముందు పెట్టాడు.

"అమ్మా, ఒకే పొయ్యి మీద వండిన తిండి ఒకరి గుండెను నిలబెట్టి, ఇంకొకరి గుండెను ఎందుకు నిలబెట్టలేకపోతోంది?" అని అడిగాడు.

ఆ కాగితాల్లో ఒకటి వన్నూరప్పది, రెండోది ఆయన భార్య సుంకమ్మది. వన్నూరప్ప ముప్ఫై ఏళ్లు బస్సు నడిపినవాడు. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కేముందు డిపో ఎదుట బండి దగ్గర ఇంత ఉగ్గాణి, నూనె ఓడే నాలుగు మిరపకాయ బజ్జీలు, చక్కెర దండిగా వేసిన టీ. ముప్ఫై ఏళ్లూ అదే పొద్దుటి తిండి. ఉగ్గాణిదేముంది, నానేసిన బొరుగులకు తాళింపు పెట్టిందే కదా. బజ్జీలే ఊరికే పోలేదు. రిటైరైన ఏడాదికే గుండెపోటు వచ్చింది. అనంతపురంలో స్టెంటు వేసి, ఇకమీదట పొద్దున తినేది మారకపోతే మళ్లీ ఇక్కడికే వస్తావని డాక్టరు ముఖం మీదే చెప్పాడు.

వన్నూరప్ప ఆ మాట విన్నాడో లేదో గానీ సుంకమ్మ వింది. విని పంతం పట్టింది. మజ్జిగ కలిపిన రాగి అంబలి, మెంతికూరో తోటకూరో కలిపిన పెసల గుగ్గిళ్లు, డాక్టరు తినమన్న ఉడకబెట్టిన గుడ్డు ఒకటి, చివర్న ఒక జామపండు. నూనె చెంచాతో కొలిచి వేసేది. పండగనలేదు, జాతరనలేదు, రెండేళ్లలో ఒక్క పొద్దూ తప్పలేదు. వన్నూరప్ప ఒంట్లో చెడ్డ కొవ్వు దిగింది, గుండె కుదుటపడింది. ఇప్పుడు రోజూ గుట్ట దాకా నడిచి వస్తున్నాడు.

సుంకమ్మ సంగతి అట్లా లేదు. పాదాల్లో చీమలు పాకినట్టు తిమ్మిరి, నాలుక ఎర్రగా పూసి మంట, రెండు బిందెలు మోస్తే ఆయాసం, గుండె దడ. ఒకసారి కుళాయి దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. పరీక్ష చేస్తే బి పన్నెండు విటమిను అడుగంటింది, రక్తం సగానికి వచ్చింది. ఆస్పత్రిలో సూదులు వేశారు, మాత్రలిచ్చారు. లేచినట్టే లేచింది. మాత్రలు అయిపోయిన కొన్ని నెలలకే మళ్లీ జారిపోయింది. రక్తం ఇంత పలచబడితే గుండె రెండింతలు కష్టపడాలి, ఎన్నాళ్లు పడుతుంది, మేము లేపింది తిండి నిలబెట్టుకోవాలి అని ఆ డాక్టరు హెచ్చరించాడు.

ఓబులేశు కూడా ఊరుకోలేదు. పొద్దున మీ ఇంట్లో ఏం తింటారని అడిగాడు. అంబలి, ఆకుకూర గుగ్గిళ్లు, గుడ్డు తింటాం సామీ అని ఆమె చెప్పింది. అతను పొందికగా రాసుకున్నాడు. తిండి బంగారంలా ఉందంటే లోపం అరుగుదలలో ఉండాలనుకుని మూడు చూర్ణాలు మార్చాడు. మూడూ దండగయ్యాయి.

పేరిందేవమ్మ కాగితాలు రెండూ చూసి, మడిచి అతని చేతికే ఇచ్చింది.

"రేపు తెల్లారేసరికి వాళ్లింటికి పో. పెట్టింది తిను. గిన్నెలు కడిగేదాకా మాత్రం లేవొద్దు," అంది.

మర్నాడు ఓబులేశు వెళ్లేసరికి వన్నూరప్ప నడక ముగించుకుని వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. సుంకమ్మ రెండు కంచాలు పెట్టింది, ఒకటి భర్తకు, ఒకటి అతిథికి. అంబలి కమ్మగా ఉంది. గుగ్గిళ్లలో మెంతికూర వాసన గుమ్మంటోంది. వన్నూరప్ప పాత బజ్జీల కథలు చెప్పి నవ్విస్తూ తిన్నాడు. ఇద్దరికీ చెరొక గుడ్డు వచ్చింది. తిన్నాక వన్నూరప్ప తువ్వాలు భుజాన వేసుకుని రచ్చబండ వైపు పోయాడు. ఓబులేశూ అలవాటు కొద్దీ లేవబోయి, గురువు మాట గుర్తొచ్చి మళ్లీ చతికిలబడ్డాడు.

తర్వాత చాలాసేపు అక్కడ తిండి ఊసే లేదు. సుంకమ్మ ఇల్లు ఊడ్చింది, బట్టలు తడిపింది, మధ్యాహ్నానికి కూర తరిగింది. మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడి ఊపిరి పీల్చుకుంది. కుండలో అంబలి ఇంకా గ్లాసుడు ఉంది. పన్నెండింటికి ఆయప్ప మళ్లీ అడుగుతాడని దాని మీద మూత పెట్టింది. గుగ్గిళ్లు అడుగున మిగిలినవి గీకి చిన్న గిన్నెలోకి తీసి అదీ ఆయనకే దాచింది. పది దాటాక టీ కాచుకుని, డబ్బాలోంచి రెండు గుప్పిళ్లు ఉత్త బొరుగులు తీసి అందులో పోసుకుని, పొయ్యి పక్కన నిలబడే తాగేసింది. ఆ తర్వాత గిన్నెలు కడగడానికి కూర్చుంది.

నీకు గుడ్డేదమ్మా అని ఓబులేశు అడిగాడు. డ్రైవరు చొక్కా తనను తొడుక్కోమన్నట్టు చూసింది ఆమె.

"గుండె జబ్బు ఆయప్పకు కదా సామీ," అంది.

ఓబులేశుకు మండుకొచ్చింది. ఆమె మీద కాదు, తన మీద. నీ గుండెకు నువ్వు అన్యాయం చేసుకుంటున్నావని, నువ్వు పడిపోతే ఆయనకు అంబలి కాచేదెవరని గట్టిగానే చెప్పాడు. ఆమె బుద్ధిగా తలూపి, అట్నే తింటాంలే సామీ అంది. అప్పుడు వినబడింది అతనికి. తింటాం. మూడు నెలల కింద తాను పొందికగా రాసుకున్నదీ ఆ మాటే. ఆ మాటలో ఉన్నది వన్నూరప్ప ఒక్కడే.

ఎండలో నడిచొచ్చి గురువుకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె కల్వంలో ఏదో నూరుతూనే వింది.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆ వడ్డించే మనిషి ఏ బంతిలో కూర్చోవాలో మాత్రం ఆ సామెత చెప్పినోళ్లు చెప్పలేదు," అంది. నూరడం ఆపకుండానే, ఈ పొద్దు మీ ఇంట్లో ఏం తిన్నారని మామూలుగా అడిగింది. మేం అని మొదలుపెట్టి ఓబులేశు ఆగిపోయాడు. పెళ్లయిన నాలుగేళ్లలో భార్య శశికళ పొద్దుటి కంచం తాను చూసిన జ్ఞాపకం లేదు.

శుక్రవారం పేరిందేవమ్మ ఆలుమగలిద్దరినీ పిలిపించింది. సుంకమ్మ వైపు చూడనైనా చూడలేదు. వన్నూరప్ప నాడి మాత్రం ఎంతసేపు పట్టుకుందంటే, ఆయన మొహంలో రంగులు మారాయి. ఆస్పత్రి మాత్రలు ఒక్కటీ మానొద్దని, వాటికి తోడు కొత్త చూర్ణం ఒకటి ఇస్తున్నానని, దాన్ని అనుపానం తప్పకుండా వేసుకోవాలని చెప్పింది. అనుపానమంటే మందును ఒంట్లోకి తోడ్కొనిపోయేది. తేనె, పాలు, నెయ్యి లాంటిది. తేనెతోనా పాలతోనా అని వన్నూరప్ప అడిగాడు. ఆమె కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, పైకి చదవమని ఓబులేశుకిచ్చింది.

ఓబులేశు చదివాడు. పొద్దున భార్య పక్కనే కూర్చుని, తన కంచంలో ఏముందో అంతే ఆమె కంచంలోనూ ఉండగా, ఆమె మొత్తం తినడం కళ్లారా చూసి, ఆ తర్వాత ఈ చూర్ణం వేసుకోవాలి. ఆమె తినని రోజు వేసుకోరాదు. అతను చదివిన గ్రంథాల్లో ఇట్లాంటి అనుపానం ఎక్కడా లేదు. గురువు మొహం చూస్తే నవ్వు జాడ కూడా లేదు. పేరిందేవమ్మ తాను గుడ్డు ముట్టే మనిషి కాదు, ఆమె వంటింటికి మడి ఉంది, వైద్యానికి లేదు. గుడ్డుతో సహా అని నోటితో కూడా చెప్పింది.

సుంకమ్మ కొంగు నలుపుతూ అడిగింది.

"నేను తినకుంటే ఆయప్పకు మందు పట్టదా అమ్మా?"

"పట్టదు."

"అట్లయితే తింటాను," అంది సుంకమ్మ.

తింటాను. ఓబులేశు తలెత్తి చూశాడు. ఆ మాట ఆమె నోట అతను వినడం అదే మొదటిసారి.

మొదటి వారం ఆమె దొంగతనం చేస్తున్నట్టే తింది. మధ్యలో రెండుసార్లు లేచేది, గుడ్డు పక్కకు నెట్టేది. వన్నూరప్ప ముప్ఫై ఏళ్లు వేళకు బండి తీసిన మనిషి. చూర్ణం పొట్లం చేత్తో పట్టుకుని, కంచం ఖాళీ అయ్యేదాకా బండి కదలదని భీష్మించుకుని కూర్చునేవాడు. ఆయన మందు ఆలస్యమైపోతోందని ఆమె గబగబా తినేసేది. కొన్నాళ్లకు ఆయనే ముందు ఆమె కంచం పెట్టడం నేర్చుకున్నాడు. పదిగంటల టీలో ఆమె బొరుగులు పోసుకోవడం మానింది. సూదులూ మాత్రలూ ఆస్పత్రివాళ్లు చెప్పినట్టే సాగాయి. నాలుక మంట పోయింది, తిమ్మిరి మెల్లగా తగ్గింది. అయిదో నెల పరీక్షలో రక్తం పెరిగింది, ఎనిమిదో నెల చూస్తే పెరిగింది పెరిగినట్టే నిలబడింది. గుండె తేలికపడిందని డాక్టరు చెప్పిన రోజు సుంకమ్మ రెండు బిందెలూ ఒక్క విడతలోనే తెచ్చుకుంది.

ఓబులేశు ఆ కాగితాలు పట్టుకుని గురువు దగ్గరికి వచ్చాడు. ఈ మధ్య అతను పొద్దున అరగంట ఆలస్యంగా వస్తున్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. అంకెలన్నీ చదివి వినిపించాక, ఎన్నాళ్లుగానో మనసులో దాచుకున్నది అడిగేశాడు. ఆ అనుపానం ఏ గ్రంథంలో ఉంది, ఆ చూర్ణం దేనితో చేసింది, వన్నూరప్ప జబ్బుకు దానితో ఏం పని?

పేరిందేవమ్మ పొయ్యి మీది మూకుడు అతని వైపు తిప్పింది. అందులో జీలకర్ర వేగుతోంది, మరేమీ లేదు.

"మందు సుంకమ్మకిచ్చినాను నాయనా," అంది. "అనుపానమే వన్నూరప్ప."