నొప్పి లేని ఓబులేసు

ఓబులేసు నాలుక ఎడమ అంచున తెల్లటి మచ్చ లేచి, దాని నడుమ పుండు పడింది. ఎండాకాలం పోయి వానలొచ్చినా అది మానలేదు. అతను ఎవరికీ చెప్పలేదు. తత్వాలు పాడే మఠంలో మంచి గొంతున్న శిష్యుడు. ఈ దేహం మనది కాదని రోజూ పాడేవాడు నాలుక మంట గురించి ఎలా చెప్పుకుంటాడు? పాడటం మాత్రం తగ్గించాడు. జనం దాన్ని మౌనదీక్ష అనుకుని దండాలు పెట్టసాగారు. అదీ బాగానే ఉందనిపించింది అతనికి.

ఆ మఠంలో ఒక ఆచారం ఉంది. పొద్దున బంతిలో కూర్చున్న అందరికీ గురువు పుల్లయ్య స్వామి తన చేత్తో రాగిసంగటి ముద్ద పెట్టి, మీద పచ్చిమిరప కారం వేస్తాడు. సంగటి నమలకూడదు, మింగాలి. సీమలో పుట్టినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, బయటివాళ్లకు చెప్పినా రాదు. ఓబులేసు ముద్దని కుడి బుగ్గలోకి తోసి, నీళ్లు తాగే కోడిలా మెడ ఎత్తి మింగుతున్నాడు.

"ఏమిరా ఓబులేసూ, నోట్లో ఆ పక్క కౌలుకిచ్చినావా?"

బంతిలో అందరూ నవ్వారు.

"చిన్న పుండు స్వామీ. నొప్పి దేహానికి, నాకు కాదు."

"శానా మంచిది. నీది కానప్పుడు డాక్టరుకు చూపియ్యనీకి నీకేం కష్టం?"

ఓబులేసు ఇంకో ముద్ద కుడి బుగ్గలోకి తోశాడు. అతని అన్నకూ ఇలాగే మొదలైంది. దవడ దాకా పాకి, ఏడాది తిరక్కుండానే మనిషిని తీసుకుపోయింది. ఆ సంగతి మఠంలో ఎవరికీ తెలీదు.

మర్నాడు స్వామే అతన్ని వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కాడు. పళ్ల డాక్టరమ్మ గదిలో పెద్ద వాలుకుర్చీ, దాని మీదికి వంగిన దీపం. అది చూసి ఓబులేసు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నాకేం లేదు స్వామీ. పోదాం పదండి."

స్వామి పోయి ఆ కుర్చీలో తనే పడుకుని నోరు తెరిచాడు.

డాక్టరమ్మ దీపం కిందికి లాగింది. "ఎక్కడ నొప్పి తాతా?"

"యాడా లేదు తల్లీ. ఈడ పండుకోనీకి ఎంత కష్టమో చూస్తాండా."

"కష్టంగా ఉందా?"

"గుండె దడదడ అంటాంది."

అబద్ధం కాదు. కుర్చీ పిడిని స్వామి వదలకుండా పట్టుకోవడం ఓబులేసు చూశాడు. స్వామి దిగగానే వెళ్లి పడుకున్నాడు.

దవడపన్ను ఒకటి విరిగి, దాని అంచు బ్లేడులా నాలుకని కోస్తోంది. డాక్టరమ్మ దాన్ని అరగదీసింది. "ఇన్నాళ్లు మానని పుండుని ఊరికే వదలకూడదు" అంటూ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

రిపోర్టు వచ్చేదాకా ఓబులేసుకి కంటి మీద కునుకు లేదు. చెడ్డది కాదని వచ్చింది. నెల తిరిగేసరికి పుండు పూర్తిగా మానింది.

పున్నమి సాయంత్రం భజనకి మఠం నిండిపోయింది. సుంకులమ్మ అనే పెద్దావిడ అందరికీ వినపడేలా అంది. "అంత బాధలో ఒక్కసారన్నా మూలిగినాడా? వైరాగ్యమంటే ఇదీ నాయనా."

ఓబులేసు లేచి నిలబడ్డాడు.

"వైరాగ్యం కాదమ్మా. మాయన్న ఇట్లాంటి పుండుతోనే పోయినాడు. భయపడి దాచుకున్నా."

స్వామి తంబుర తెచ్చి అతని చేతికిచ్చాడు.

"ఇప్పుడు పాడు."

ఓబులేసు గొంతెత్తాడు. మఠం పక్క రోడ్డు మీద పోతున్న లారీలు ఒక్కొక్కటే ఆగాయి.