జిల్లేడాకు మీద ఒక్క గుడ్డు

మిరపచేను గట్టున ఒక బండరాయి, దాని చుట్టూ గంగపాయల కూర, నాలుగడుగుల అవతల జిల్లేడు పొద. బండ మీద అప్పలకొండ అనే తొండ కాపు కాసి ఉన్నాడు.

గుడ్లు పెట్టడానికి వచ్చిన పైడమ్మ అనే సీతాకోక అతన్ని చూసి గాల్లోనే ఆగింది. ఆమె పిల్లలు తినేది గంగపాయల ఆకు. మబ్బేమో కమ్ముకొస్తోంది. పెడితే ఈ పూటే పెట్టాలి.

ఆమెకున్న ధైర్యమల్లా ఒంటి మీది నారింజ రంగు. అదీ అరువుదే. అచ్చం అలాగే ఉండే జిల్లేడు సీతాకోక పిల్లప్పుడే జిల్లేడాకు తిని ఒళ్లంతా చేదెక్కించుకుంటుంది కాబట్టి దాన్నెవరూ ముట్టరు. పైడమ్మ ఒంట్లో చేదన్నదే లేదు. తేడా కింది రెక్కలో ఉంది: జిల్లేడుదానికి మూడు నాలుగు నల్లచుక్కలు, ఈమెకి ఒక్కటే. అందుకే రెక్కలు ఆడిస్తూనే వాలింది.

"కదలకు పిల్లా, చుక్కలు లెక్కపెట్టాలి," అన్నాడు అప్పలకొండ. "పోయినేడు తొందరపడి ఒక చేదుదాన్ని మింగి మూడు రోజులు ఈ బండకే అతుక్కుపోయాను. నాకు చదువు చెప్పింది నా పొట్టే."

"అంత చదివినవాడివి చుక్కలు చూస్తావేంటి మావా? వయసు మీద పడితే అవి రాలిపోతాయి. సీతాకోక ఏ చెట్టు మీద గుడ్డు పెడితే ఆ చెట్టాకు తిని పెరిగినట్టే. రా, జిల్లేడు మీద పెట్టి చూపిస్తాను."

అప్పలకొండ పొంగిపోయి జిల్లేడు కొమ్మ ఎక్కాడు. ఆమెకి జానెడు దూరంలో నోరు పెట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడ పుట్టిన పిల్లకి తిండి దొరకదని పైడమ్మకి తెలుసు. పొట్ట వంచి ఒక్క గుడ్డు పెట్టింది. మళ్లీ దానివంక చూడలేదు.

"చేదు సంతానమే. పో, పో," అన్నాడు అప్పలకొండ.

"గంగపాయల పూలలో కాస్త తేనె తాగి పోతాను మావా. నువ్వుంటే పిట్టల భయం ఉండదు."

"అలాగే కానీ," అని బండెక్కి కాపలా కూర్చున్నాడు. అతని తోక పక్కనే, ఆకుల అడుగున, ఒక్కొక్కటిగా నలభై గుడ్లు పెట్టి పైడమ్మ వానకి ముందే వెళ్లిపోయింది.

వారం తిరిగేసరికి గంగపాయల మీద నల్లటి ముళ్ల పురుగులు ఆకులు నమిలేస్తున్నాయి. అప్పలకొండ ఒకదాన్ని నోట కరిచి, ముళ్లు గుచ్చుకుంటే ఉమ్మేశాడు. ఆమె తేనె తాగిన చోటే ఇవి పుట్టాయేమని అనుమానమొచ్చి జిల్లేడు దగ్గరికి పోయి చూశాడు. గుడ్డులోంచి వచ్చిన బుల్లి పురుగు ఆకుని ఒక్క కొరుకైనా కొరకకుండా ఎండిపోయి ఉంది.

"నన్ను నమ్మించడానికి బిడ్డనే వదులుకుందన్నమాట," అన్నాడు, వినేవాళ్లెవరూ లేకపోయినా.

గుడ్డు ఎక్కడుందో చూసి జాతి తేల్చకూడదు, పిల్ల ఏం తిని బతికిందో చూశాకే తేల్చాలి.