బూరెల మర్నాటి లెక్క

ఎన్నేళ్ళ కిందటి మాటో ఎవరికీ తెలీదు గానీ, ఒకానొక రాజ్యంలో మొగలిపురం అనే పట్నం ఉండేది. పక్కనే వాగు. వాన వెలిసిన సాయంత్రాల్లో ఊరంతా మొగలిపూల వాసన వేసేదట. ఆ ఊరిని ఏలే రాజు ఉద్దండవర్మ. పేరుకు తగ్గ మనిషి. ఆయన తుమ్మితే కొలువంతా "చిరంజీవ" అనాలి, దగ్గితే వైద్యులు పరుగెత్తుకు రావాలి.

ఆయన కొలువులో కూచన అని ఒక విదూషకుడు ఉండేవాడు. పగలంతా అందర్నీ నవ్వించడం అతని ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తే, పొద్దున విడిచిన పంచె విడిచినచోటే పడి ఉండేది. దాన్ని తీసి దండెం మీద వేసేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. తల్లి పోయింది. పెళ్ళి కాలేదు. వీధిలో ఎదురైన ప్రతివాడూ "ఏదీ కూచనా, ఒక చమత్కారం చెప్పు" అనేవాడే గానీ, "అన్నం తిన్నావా?" అని అడిగిన పాపాన పోలేదు.

అందుకని కూచన రోజూ తూర్పు కోటగుమ్మం దగ్గరున్న అంబలి పందిరికి వెళ్ళేవాడు. రాజుగారి తల్లి బతికున్న రోజుల్లో వేయించిన పందిరి అది. మూటలు మోసేవాళ్ళు, ఎవరూ లేని ముసలివాళ్ళు, దారినపోయే బాటసారులు బంతిగా కూర్చుంటే, ముత్యాలు అనే అమ్మాయి పెద్ద కుండలోంచి రాగి అంబలి ముంచి పోసేది. ఏదో వరదలో అయినవాళ్ళందరినీ పోగొట్టుకుని ఆ ఊరు చేరింది. ఆ అమ్మాయి ఎప్పుడో గానీ నవ్వదు. నవ్విందంటే మాత్రం, చీకటిపడ్డ వాగులో ఎవరో దీపం వదిలినట్టుండేది.

కూచనకి జీతం ఉంది. ఇంట్లో బియ్యం ఉన్నాయి. పక్కన కూర్చుని తినే మనిషే లేడు. ఊరికే తినడం ఇష్టంలేక తన వంతుగా రాగుల బస్తా తెచ్చి పడేసి, బంతి చివర కూర్చుని, ముత్యాలు తన దగ్గరికి వచ్చేదాకా ఎదురుచూస్తూ ఉండేవాడు.

ఇలా ఉండగా ఒకనాడు పొరుగురాజు దూత వచ్చాడు. మాటల మధ్యలో, "మా రాజ్యంలో ఎవరు ఏం తింటున్నారో, ఎలా బతుకుతున్నారో మా ప్రభువులు లెక్క తీయించారు. తమ దగ్గర కూడా అలాంటి లెక్క ఉండే ఉంటుంది కదా?" అన్నాడు.

ఉద్దండవర్మకి చురుక్కుమంది. "లేకేం! వచ్చే నెల పున్నమికి రండి, చూద్దురుగాని," అని పంపేశాడు.

దూత గుమ్మం దాటాడో లేదో, గణకచూడామణి భైరవయ్యకి కబురు వెళ్ళింది. ఆయన లెక్కల పండితుడు. బిరుదు కడియాల బరువుకి చెయ్యి పైకెత్తలేక, ఏదైనా చూపించాలంటే గడ్డంతోనే చూపించేవాడు.

"ఇల్లిల్లూ తిరిగి నా ప్రజలు ఎంత వైభవంగా బతుకుతున్నారో లెక్క తేల్చండి," అన్నాడు రాజు.

"చిత్తం ప్రభూ. జనానికి మొన్నటి సంగతి గుర్తుండదు. నిన్నటిది ఎవరూ మరిచిపోరు. అందుకని 'నిన్న ఏం తిన్నావు, ఏం కొన్నావు, ఏం పని చేశావు' అని మాత్రం అడిగిస్తాను. దాన్ని ఏడాదిలో ఉన్న రోజులతో హెచ్చవేస్తే ఏడాది బతుకంతా వచ్చేస్తుంది."

"భేష్! మరి మొదలుపెట్టేది ఎప్పుడు?"

ఆ రాజ్యంలో ముహూర్తం చూడకుండా గొర్రె బొచ్చు కూడా కత్తిరించరు. భైరవయ్య పంచాంగం తిరగేసి, "తమ పుట్టినరోజు మర్నాడు దివ్యంగా ఉంది ప్రభూ," అన్నాడు.

రాజుగారి పుట్టినరోజంటే ఊళ్ళో పొయ్యి వెలిగించే పనిలేదు. కోట వంటశాల నుంచి ప్రతి ఇంటికీ ఆకు నిండా పులిహోర, నెయ్యి పోసిన బూరెలు వస్తాయి. అది వాళ్ళ ఆనవాయితీ. ఆ ఏడూ అలాగే వచ్చాయి. ఊరంతా తిని, చేతులు వాసన చూసుకుంటూ పడుకుంది. తెల్లారేసరికి భైరవయ్య మనుషులు తలుపులు తట్టారు.

అంబలి పందిరి వెనక గుడిసెలో సూరవ్వ అని ఒక ముసలమ్మ ఉండేది. చూపు ఆనదు. ఆమె గుమ్మంలో కొలువు మనిషి నిలబడి అడుగుతూ ఉంటే, అటు వెళ్తున్న కూచన ఆగి విన్నాడు.

"అవ్వా, ఇంట్లో ఒక కుండలోది కలిసి తినేవాళ్ళు ఎంతమంది?"

"ఒక్కదాన్నే నాయనా."

"నిన్న ఏం తిన్నావు?"

"బూరెలు నాయనా! రెండు. పైన నెయ్యి కూడాను." ముసలమ్మ మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోయింది.

"రోజుకి రెండు నేతిబూరెలు," అని రాసుకున్నాడు వాడు.

"రోజూ ఎక్కడివయ్యా! నిన్న ఒక్కరోజే."

"నేను అడిగిందీ నిన్నటి సంగతే."

"మరి మొన్న ఏం తిన్నానో అడగవా?"

"అడగమని ఉత్తరువు లేదు."

"పోనీలే," అంది సూరవ్వ తలుపు వేసుకుంటూ. "అదేమంత చెప్పుకునే తిండి కాదులే."

ఆ మాటకి కూచనకి నవ్వొచ్చింది. రెండడుగులు వేశాక నవ్వు ఎటో పోయింది.

కొన్నాళ్ళకి భైరవయ్య లెక్క తేల్చుకుని నిండుకొలువులో నిలబడ్డాడు.

"ప్రభూ! మన రాజ్యంలో ప్రతి మనిషీ ఏడాది పొడుగునా నేతిబూరెలు తింటున్నాడు. పులిహోర తినని ఇల్లు లేదు. పైగా ఎవరూ పనిచెయ్యకుండానే తింటున్నారు!"

పుట్టినరోజున ఊరంతా సెలవు మరి. ఎవరు పనిచేస్తారు?

ఉద్దండవర్మ మీసం దువ్వుకున్నాడు. "అంతటి సిరి ఉన్న రాజ్యంలో అంబలి పందిరి ఏమిటి? పున్నమికి దూత వస్తాడు. కోటగుమ్మంలోనే ముంతలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు కనిపిస్తే నా పరువేం కాను! పున్నమిలోగా పందిరి పీకించండి."

కొలువంతా "ఆహా" అంది. కూచన ఒక్కడే తూర్పు గుమ్మం వైపు చూశాడు. ఆ సంగతి ఎవరూ గమనించనే లేదు.

ఆ సాయంత్రం అందరూ తిని వెళ్ళిపోయాక ముత్యాలు కుండ కడుగుతోంది. కూచన లేవలేదు.

"విన్నారా కూచనగారూ?" అంది.

"విన్నాను."

"సూరవ్వ ఏం తింటుందట?"

"బూరెలట."

ముత్యాలు నవ్వలేదు. "పందిరి లేకపోతే నాకీ ఊళ్ళో ఎవరున్నారు? వాగు దాటి ఎటో పోతాను. అక్కడా ఎవరూ లేరనుకోండి. కొత్త చోటయితే, లేరన్న సంగతి మెల్లిగా తెలుస్తుంది."

కూచన చెంబు అందుకుని కుండ మీద నీళ్ళు పోశాడు.

"మీరు రోజూ రాజుగారిని నవ్విస్తారట కదా," అంది ముత్యాలు కుండ బోర్లిస్తూ. "ఒక్కసారి ఆలోచింపజెయ్యలేరా?"

మర్నాడు కొలువులో కూచన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, గణకచూడామణిగారి లెక్కలో ఒక ఇల్లు తప్పిపోయింది."

"అసంభవం!" భైరవయ్య గడ్డం పైకి లేచింది. "కోళ్ళగూడు తప్ప ఏ గూడూ వదల్లేదు."

"ప్రభువులవారి ఇల్లు రాశారా మరి?"

ఉద్దండవర్మ సింహాసనం మీద నిటారుగా అయ్యాడు. "ఏమిటీ! నా వైభవం లేకుండా రాజ్యం లెక్కా! ఎంత అవమానం! వెంటనే రాయండి."

"అవే ప్రశ్నలు, అదే పద్ధతి అయితేనే బాగుంటుంది ప్రభూ," అన్నాడు కూచన వినయంగా. "పద్ధతి మార్చారంటే, మొదటిది తప్పేమోనని దూత శంకిస్తాడు. ముహూర్తమంటారా, ద్వాదశి ఉదయం కంటే పవిత్రమైన వేళ ఏముంటుంది? పండితులకి నేను చెప్పాలా!"

"చెప్పాలా!" అన్నాడు భైరవయ్య పొంగిపోతూ. "ద్వాదశే. నా మనసులోనూ అదే ఉంది."

ద్వాదశి ఉదయం. పారణ చేసి ఉపవాసం విడవడానికి ఇంకా వేళ కాలేదు. రాజు కాస్త నీరసంగా, బోలెడు దర్పంగా కూర్చున్నాడు. ఉద్దండవర్మ ఏకాదశి ఉపవాసమంటే ఊరందరికీ తెలియాలి. తెలియడానికని ముందురోజు నగారా కూడా కొట్టిస్తాడు. భైరవయ్య గంటం పట్టాడు. కూచన అడగడం మొదలుపెట్టాడు.

"అయ్యా, ఈ ఇంట్లో ఒక కుండలోది కలిసి తినేవాళ్ళు ఎంతమంది?"

"నాతో కలిసి తినడమా! రాజు పక్కన ఎవడు కూర్చుంటాడు? రాణిగారి వంటశాల వేరు. పిల్లల వడ్డన వేరు. నాకు వెండిపీట, బంగారు పళ్ళెం, చుట్టూ తెర."

"తెర లోపల?"

"లోపల..." అని ఆగాడు రాజు. "నేనొక్కణ్ణే."

ఆ మాట అనేసరికి ఆయన గొంతు ఎందుకో చిన్నబోయింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట ఆయన పైకి అని ఎరగడేమో.

"నిన్న ఏం పని చేశారు?"

"పనా! నేనేమన్నా కూలివాణ్ణా?"

"నిన్న ఏం కొన్నారు?"

"రాజు కొంటాడట్రా! నాకు కానుకలొస్తాయి."

"నిన్న ఏం తిన్నారు?"

ఉద్దండవర్మ ఛాతీ విరిచాడు. "నిన్న ఏకాదశి. పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు!"

కొలువంతా "ఆహా, ఏమి నిష్ఠ!" అంది.

"గణకచూడామణిగారూ, ఇక తమ వంతు. హెచ్చవెయ్యండి," అన్నాడు కూచన.

భైరవయ్య గంటం కదల్లేదు. నుదుటి నామం చెమటకి కారి ముక్కుమీదికి వచ్చింది.

"చెప్పవయ్యా!" అన్నాడు రాజు.

"సున్నని... ఏడాదితో... సున్నే వస్తుంది ప్రభూ."

"అంటే?"

కూచన అందుకున్నాడు. "అంటే ప్రభూ, ఏడాది పొడుగునా పని లేక, కొనే శక్తి లేక, మెతుకు లేక, తోడు లేక ఒంటరిగా బతుకుతున్న ఇల్లు రాజ్యం మొత్తానికి ఒక్కటే తేలింది. ఇదే."

కత్తి మీద చెయ్యి వేసి రాజు దిగ్గున లేచాడు. "ఓరి అప్రాచ్యుడా! నేను పస్తున్నది నిన్న ఒక్కరోజేరా!"

"వాళ్ళు బూరెలు తిన్నదీ ఆ ఒక్కరోజే ప్రభూ."

ఉద్దండవర్మ నిలబడే ఉన్నాడు. ముందు ఆయన మీసం కదిలింది. తర్వాత భుజాలు కదిలాయి. ఆ తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. అది కొలువు నవ్వు కాదు. కళ్ళంట నీళ్ళు తెప్పించే నవ్వు. కళ్ళు తుడుచుకుని ఆయన కత్తి మీంచి చెయ్యి తీసేశాడు.

"ఒరే కూచనా, మరి ఇంత బీదవాడు పారణ ఎక్కడ చెయ్యాలిరా?"

"దారి చూపిస్తాను, రండి ప్రభూ."

కిరీటం తీసి పక్కన పెట్టి, ఉత్తరీయం కప్పుకుని, రాజు తూర్పు గుమ్మానికి నడిచాడు. బంతిలో సూరవ్వ పక్కన ఖాళీ ఉంటే అక్కడే చతికిలబడ్డాడు. ముత్యాలు అందరికీ పోసినట్టే ఆయనకీ అంబలి పోసింది. చూపు ఆనని సూరవ్వ పక్కకి తిరిగి, "కొత్తగా ఉన్నావే నాయనా. ఇంట్లో వండిపెట్టేవాళ్ళు లేరా?" అంది.

"వండేవాళ్ళున్నారు అవ్వా. పక్కన కూర్చునేవాళ్ళు లేరు."

"అయ్యో," అని ముసలమ్మ తన ఉల్లిపాయలో సగం విరిచి ఆయన చేతిలో పెట్టింది.

ఆ పూటే ఉత్తరువులు వెలువడ్డాయి. పందిరి పీకకూడదు. దాని పేర రెండు మడులు మాన్యం. భైరవయ్య మళ్ళీ లెక్క తియ్యాలి. ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి, కోతలప్పుడు ఒకసారి, పండగ కాని రోజుల్లో, గుమ్మంలో నిలబడి కాదు, లోపలికెళ్ళి పీట వేసుకుని కూర్చుని అడగాలి. దూతకి చెప్పాల్సిందేముంది? "మా లెక్క ఇంకా అవుతోంది" అంటే సరి.

"ఇక నీకు బహుమానం," అన్నాడు ఉద్దండవర్మ నిండుకొలువులో, నవ్వుతూనే. "బంగారం ఎవరికైనా ఇస్తాను. నీకు ఎవరికీ ఇవ్వనిది ఇస్తున్నా. ఇవాళ్టి నుంచి రోజూ నువ్వు నా పక్కనే కూర్చుని భోజనం చెయ్యాలి. తెర తీయించేశాను."

కొలువంతా చప్పట్లు కొట్టింది. అంత గౌరవం ఆ వంశంలో ఎవరికీ దక్కలేదు మరి. కూచనకి మాత్రం పందిరి గుర్తొచ్చింది. రాజుగారి పక్కన తినేవాడు పందిరిలో ఎలా తింటాడు? కాదందామంటే, ఎదురుగా రాజు కళ్ళు. అవి ఆజ్ఞాపించే కళ్ళలా లేవు. అచ్చం సాయంత్రం ఇంటి తాళం తీసేటప్పటి తన కళ్ళలా ఉన్నాయి.

"చిత్తం ప్రభూ," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "తమరు భోంచెయ్యని రోజున?" అన్నాడు.

"ఆ రోజు నీ ఇష్టం రా!" అని ఉద్దండవర్మ పకపకా నవ్వాడు.

అలా పందిరి నిలిచింది, ముత్యాలు వాగు దాటలేదు. కూచన పూటపూటా బంగారు పళ్ళెంలో తింటూ, తూర్పు కిటికీలోంచి పందిరి పొయ్యి పొగ కనిపిస్తుందేమోనని చూసేవాడు. పక్షానికొకసారి నగారా మోగేది. ఏకాదశి వస్తే కోటంతా ఉపవాసం. ఆ రోజు అంబలి పందిరిలో బంతి చివర కూర్చుని ముత్యాలు కోసం ఎదురుచూసే కూచన ఒక్కడికే అది పండగ.