పడవ కదిలితే కలం కదలాలి

లోకంలోని తెలివంతా మూటకట్టుకుని బ్రహ్మగారు గోదావరి దాటుతుంటే, బుర్రవానిలంక దగ్గర ఆ మూట జారి పడిందట. అది ఆ ఊరివాళ్ల నమ్మకం. పడిన మూటని ఎత్తుకొచ్చింది తమ ఇంటివాళ్లేనని గవర్రాజు నమ్మకం. "పేరులోనే బుర్ర ఉన్న ఊరు ఇంకోటి చూపించండి చూద్దాం" అనేవాడు మీసం మీద చెయ్యేసి.

మరి ఆ ఇల్లు అలాంటిది. వానొస్తే నూతిలో నీళ్లు తడిసిపోతాయని నూతికి గొడుగు కట్టేవాడు గవర్రాజు. ఆర్పేసిన దీపం చీకట్లో కనపడదని, దాని పక్కనే ఇంకో దీపం వెలిగించి పెట్టేది అతని భార్య కనకరత్నం. తమ్ముడు తాతాజీ అయితే నిద్రలో తను ఎలా ఉంటాడో చూసుకోవాలని కళ్లు మూసుకుని అద్దం ముందు నిలబడేవాడు. బాగానే ఉన్నానని చెప్పేవాడు కూడా.

వాళ్ల తండ్రి పల్లయ్య మాత్రం నిజంగా గొప్పవాడు. ఆ ఊరి పడవవాడు. యాభై ఏళ్ల కిందటి పెద్ద వరదలో ఒక్క పడవతో నలభై మందినీ ఒక గేదెనీ ఒడ్డు చేర్చాడు. ఆయన పోయి చాలాకాలమైంది. కుర్రకారుకి ఆయన పేరే తెలీదు. ఇప్పుడు ఊళ్లో కొత్త రేవు కట్టారు, వచ్చే ఆదివారం దానికి పేరు పెట్టబోతున్నారు.

సర్పంచి ఆ ఊరికి ఇల్లరికం వచ్చినవాడు, పాత సంగతులు తెలీవు. "మీ నాన్నగారి కథ రాసుకురావయ్యా గవర్రాజూ. సభలో చదువు. పుస్తకంలో ఉన్న పేరే రేవుకి పెట్టిస్తాను. లేదంటే ఇసుక కాంట్రాక్టరు వాళ్ల తాత పేరు పెట్టమని నా ప్రాణం తీస్తున్నారు" అన్నాడు.

ఆ మాట విని తల్లి అచ్చియమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. "నాకు చదువు రాదు. అయినా ఆయన పేరు రేవు మీద ఉంటే, ఆ అక్షరాలు తడుముకుని పోతానురా" అంది. అమ్మ ఇంతవరకూ అతన్ని ఏదీ అడిగి ఎరగదు.

రాద్దామని కూర్చుంటే ఇంట్లో ఒక్క ముక్క కదల్లేదు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన భీమశంకరం మాస్టారు ఒక ఉపాయం చెప్పారు. "నూకరాజు తెరచాప పడవ కుండలేసుకుని ఎగువకి వెళ్లి ఆరు రోజుల్లో తిరిగొస్తుంది. నత్తకి అన్నగారు ఆ పడవ. అందులో కూర్చుని రాయండి, గోదారే రాయిస్తుంది." మోకాళ్ల నొప్పులవల్ల తను రాలేక, ఒక కాగితం మీద మూడు నియమాలు రాసిచ్చారు. పడవ కదులుతున్నంతసేపూ కలం కదలాలి, పడవ ఆగితే కలమూ ఆగాలి. కళ్లతో చూసిందే రాయాలి. రాసేటప్పుడు ఎవరూ నోరెత్తకూడదు.

గవర్రాజు ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని తెరచాప కొయ్యకి అంటించాడు. అమ్మ, భార్య, తమ్ముడు అందరూ ఎక్కారు. నూకరాజు లంగరెత్తాడు. పడవ కదిలింది. అంతే, మూడు కలాలూ కదిలాయి.

గవర్రాజు తలెత్తి చూశాడు. నీళ్లు కనిపించాయి. 'నీళ్లు' అని రాశాడు. మళ్లీ చూశాడు. ఇంకేముంది, మళ్లీ నీళ్లే. కొంచెం ఆలోచనలో పడ్డాడు. తాతాజీ తన కాగితం మీద రాసి చూపించాడు. 'అన్నయ్యా, ఇందాకటి నీళ్లు వెళ్లిపోయాయి. ఇవి వేరే. కొత్తగా రాయి.' నిజమే కదా అనిపించింది గవర్రాజుకి. 'మళ్లీ నీళ్లు' అని రాశాడు. పొద్దు వాలేసరికి ముప్పై పేజీలు నీళ్లే. కనకరత్నానికి ఎదురుగా మొగుడు కనిపిస్తున్నాడు గనక ఆవిడ ముప్పై పేజీల నిండా 'ఆయన నీళ్లు రాస్తున్నారు' అని రాసింది.

"ఆ రోజు వరద ఎలా వచ్చిందంటేరా..." అని అచ్చియమ్మ మొదలెట్టబోయింది. ముగ్గురూ ఒక్కసారే నోటి మీద వేలేసుకున్నారు. పాపం ముసలావిడ నోరు మూసుకుని తమలపాకులకి సున్నం రాసుకుంది.

రెండో రోజు గాలి పడిపోయింది. పడవ ఆగింది, కలాలూ ఆగాయి. "గాలి లేకపోతే ఒడ్డున నడుస్తూ తాడుతో లాగాలి బాబూ. నేను చుక్కాని పడతాను, మీరు ముగ్గురూ దిగి లాగండి" అన్నాడు నూకరాజు.

దిగారు. బలం కొద్దీ లాగారు. పడవ కదిలింది. పడవ కదిలితే? కలం కదలాలి! ముగ్గురూ తాడు వదిలేసి, చెవికి పెట్టుకున్న కలాలు తీసి గబగబా రాశారు. తాడు వదిలితే పడవ ఆగింది. పడవ ఆగితే కలం ఆగాలి. కలాలు చెవికి పెట్టుకుని మళ్లీ తాడు పట్టారు. మళ్లీ కదిలింది. మళ్లీ వదిలారు. అలా తెల్లారినప్పటినుంచి సాయంత్రం దాకా లాగితే పడవ ఒక కొబ్బరిచెట్టు నుంచి పక్క కొబ్బరిచెట్టు దాకా వెళ్లింది.

"మీకు దండం పెడతాను, తాడు వదలకండి!" అని మొత్తుకున్నాడు నూకరాజు.

"మాస్టారి కంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడు గవర్రాజు జాలిగా.

ఎలాగో మర్నాడు గాలి లేచింది. ఎగువన కుండలు దింపి, వెనక్కి తిరిగారు. ముందు కూర్చుని రాస్తున్న తాతాజీకి ఎదర ఇసుక మేట కనిపించింది. చెబుదామంటే కలం కదులుతోందాయె, నోరెత్తకూడదు. శుభ్రంగా 'ఎదర ఇసుక మేట ఉంది' అని రాసి అన్నకి అందించాడు. గవర్రాజు చదివి, కిందన 'నేనూ చూశాను. దస్తూరి బాగుంది' అని రాసి భార్యకి ఇచ్చాడు. కనకరత్నం తీరిగ్గా చదివి, 'తగులుతుందేమో' అని రాసింది. నూకరాజుకి ఇద్దామని తాతాజీ లేచాడు. ఇంకేముంది, పడవ ధడేల్మని ఇసుకలో దిగబడిపోయింది.

పడవ ఆగింది గనక ఇప్పుడు మాట్లాడొచ్చు. "నూకరాజూ, ఎదర ఇసుక మేట ఉంది" అన్నాడు తాతాజీ.

నూకరాజు నెత్తి బాదుకున్నాడు.

ఆ రోజంతా అక్కడే. పని లేదు, రాత లేదు. ఇన్నాళ్లకి అచ్చియమ్మకి నోరు తెరిచే వీలు దొరికింది. పెళ్లయిన నాటినుంచీ మొగుడి పేరు ఆవిడ నోటితో అనలేదు. ఆ కాలపు ఆడవాళ్లు అనరు. పిల్లల దగ్గర ఎప్పుడూ 'మీ నాన్న' అనే.

"వరద ఇంటి చూరు దాకా వచ్చిందిరా. మీ నాన్న పడవ తీసుకొచ్చాడు. మెడలోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కరినీ ఎత్తి పడవలో పెట్టాడు. గేదెని వదిలేయమన్నారు. అది పాలిస్తోంది, పసిపిల్లలు ఏం తాగుతారని మీ నాన్న దాన్ని కూడా పక్కన కట్టుకుని ఈదించాడు. నడి గోదాట్లో ఒకామెకి నొప్పులొచ్చాయి. మీ నాన్న పంచె విప్పి తెరకట్టాడు. పడవలోనే మగబిడ్డ పుట్టాడు. వాడి ఏడుపు విని చచ్చిపోతామనుకున్నవాళ్లంతా నవ్వార్రా!"

అందరూ కళ్లు తుడుచుకున్నారు. నూకరాజు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఆ బిడ్డని నేనేనమ్మా" అన్నాడు.

గవర్రాజు గుండెల్లో రాయి పడింది. రేపు పోతే ఎల్లుండే ఆదివారం. చేతిలో నూట ఇరవై పేజీలున్నాయి, అన్నీ నీళ్లే. "రాయండి బాబూ, ఇప్పుడు అమ్మగారు చెప్పిందే రాయండి!" అని నూకరాజు చేతులు పట్టుకున్నాడు.

"ఎలా రాస్తాం? మేం కళ్లతో చూడలేదుగా" అన్నాడు గవర్రాజు దిగులుగా.

"చూడకేం? నాలుగేళ్లవాడివి, ఆ పడవలో నా ఒళ్లోనే ఉన్నావు. కళ్లప్పగించి చూశావు" అంది అచ్చియమ్మ.

గవర్రాజు మొహం విచ్చుకుంది, అంతలోనే వాడిపోయింది. "పడవ కదిలితేగానీ రాయకూడదు. రాస్తుంటే అమ్మ చెప్పకూడదు. మరెలా?"

వాళ్లతో ఆరు రోజులుగా వేగుతున్న నూకరాజుకి వాళ్ల దారి కొంత పట్టుబడింది. "పడవ ఆపుతాను, అమ్మ ఒక మాట చెబుతారు. పడవ వదులుతాను, మీరు ఆ మాట రాసుకోండి. ఒక్కటే బతిమాలుకుంటున్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయండి. మీ తెలివి మాత్రం కలపకండి!"

అందరూ దిగి తోస్తే పడవ నీళ్లలో పడింది. అక్కడినుంచి బుర్రవానిలంక దాకా నూకరాజు గెడ గుచ్చి ఆపడం, గెడ తీసి వదలడం. గెడ గుచ్చితే అచ్చియమ్మ ఒక మాట, గెడ తీస్తే మూడు కలాల చప్పుడు. నూకరాజు అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా తను పుట్టిన కథ కదా, పళ్లబిగువున లాక్కొచ్చాడు. ఆదివారం పొద్దున రేవు కనిపించేసరికి కథ పూర్తయింది. గవర్రాజు పుస్తకాన్ని గుండెకి హత్తుకున్నాడు. జీవితంలో మొదటిసారి తన తెలివి మీద కాక తన తండ్రి మీద గర్వం కలిగింది అతనికి.

ఊరంతా రేవు దగ్గరే ఉంది. సర్పంచి దండలు సర్దుకునే హడావిడిలో ఉన్నాడు. బోర్డు రాసే పెయింటరు పక్కూరివాడు, డబ్బా పట్టుకుని "పేరేం రాయమంటారండీ?" అని అడిగాడు. "ఆ పుస్తకం తీసుకో. వరదలో జనాన్ని దాటించింది ఎవరని ఉందో ఆ పేరే రాయి" అన్నాడు సర్పంచి.

పెయింటరు పుస్తకం తిరగేశాడు. నీళ్ల పేజీలు దాటాక, కథ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే పేరు. అతనికెందుకు, పెద్ద పెద్ద అక్షరాలతో రాసేశాడు.

మీ నాన్న రేవు.

నూకరాజు పడవ కట్టి వచ్చి బోర్డు చూసి అలాగే కూలబడ్డాడు. గవర్రాజు మాత్రం పొంగిపోయాడు. "చూశావా, చెప్పింది చెప్పినట్టే! ఒక్క అక్షరం కలపలేదు" అన్నాడు.

అచ్చియమ్మ వేళ్లతో అక్షరాలు తడిమింది. "ఏం రాశార్రా?"

"మీ నాన్న రేవు అనమ్మా."

"మా నాన్నా?" ముసలావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "మా నాన్న గొర్రెలు కాసేవాడు కదరా! ఆయనకి నీళ్లంటేనే భయం. ఆయన పేరెందుకు?"

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ఎంత పొరపాటు జరిగిపోయింది! కష్టపడింది మన నాన్న, పేరు తాతయ్యకి పోయింది. "ఆయన పేరు రాయండి బాబూ, పల్లయ్య అని రాయండి!" అని నూకరాజు లేచి పరిగెత్తుకొచ్చేలోపే గవర్రాజు పెయింటరు చేతిలో కుంచె లాక్కుని బోర్డు దిద్దేశాడు.

మా నాన్న రేవు.

గవర్రాజు చదివి వినిపించాడు. "హమ్మయ్య" అంది అచ్చియమ్మ మళ్లీ తడుముకుని. "ఇప్పుడు సరిపోయింది."

అంతలో అవతలి ఒడ్డునుంచి పడవ వచ్చింది. మొదట దిగిన గొడుగాయన బోర్డు ముందు ఆగి, కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు. "మా... నాన్న... రేవు."

గవర్రాజు గబుక్కున తలతిప్పాడు. "ఏంటీ, మీ నాన్న కూడానా? అయితే నువ్వు నాకు తమ్ముడివే!" అని కౌగిలించుకుని బావురుమన్నాడు. తాతాజీ గొడుగు అందుకున్నాడు. కనకరత్నం మరిదిగారికి కాళ్లకి నీళ్లిచ్చింది. వెనకాల దిగినవాడూ చదివాడు. వాడి వెనకాలవాడూ చదివాడు. అంతే, దిగినవాళ్లని దిగినట్టు ఇంటికి లాక్కెళ్లి విస్తళ్లు వేశారు. అన్నం కుండ మూడుసార్లు ఎక్కింది, మూడుసార్లు దిగింది.

సాయంత్రానికి పంక్తిలో పదిహేడుగురు అన్నదమ్ములు తేలారు. అరుగు మీద కూర్చున్న అచ్చియమ్మ వాళ్లని ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒక్కొక్కరినే చూసింది. చూసి, దండ వేసిన మొగుడి ఫోటో వైపు తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇంతమంది ఉన్నట్టు నాతో ఒక్కనాడైనా చెప్పావుటయ్యా?"